ఏడేళ్ళ పిల్లకు బండి ఎందుకు?

డిస్నీ వరల్డ్ చూడటానికి ఓర్లాండో వెళ్తున్నామని చెప్పగానే, అప్పటికే రెండుసార్లు వెళ్ళివచ్చిన మా తోటికోడలు విమానం టికెట్ల గురించి అడగలేదు, హోటల్ గురించీ అడగలేదు. "స్ట్రోలర్ సంగతి చూసుకున్నావా?" అంది. అదే, పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి. నేను నవ్వేశాను. మా అమ్మాయికి ఏడేళ్ళు. బడిలో పరుగు పందెం పెడితే ముందుంటుంది. అబ్బాయికి పదేళ్ళు నిండాయి. "ఈ వయసులో బండేమిటి అక్కా, చూసేవాళ్ళు నవ్వరూ?" అన్నాను. ఆవిడ వాదించలేదు. "సరే, మొదటిరోజు రాత్రి పదింటికి నాకు ఫోను చెయ్యి" అని పెట్టేసింది.

ఆ రాత్రి పదింటికి నేను ఫోను చేయలేదు. చేతులు ఖాళీ లేవు.

మొదటిరోజు అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్. కారు దిగితే పార్కు ఎదురుగా ఉంటుందని అనుకోవడంతోనే మా పొరపాట్లు మొదలయ్యాయి. కార్లన్నీ సరస్సుకు ఇవతలే ఆగిపోవాలి. అక్కడినుంచి మోనోరైలో పడవో ఎక్కి అవతలి ఒడ్డుకు చేరాలి. 1971లో పార్కు తెరిచినప్పటినుంచీ ఇదే పద్ధతి. ఉదయం పూట అది ప్రయాణంలా అనిపించదు, వినోదంలో భాగమే అనిపిస్తుంది. పిల్లలిద్దరూ పడవ కమ్మీలు పట్టుకుని, కోట కనిపించిందంటే కనిపించిందని కేకలు పెట్టారు. అదే దారిన రాత్రి వెనక్కి రావాలన్న సంగతి ఉదయం ఎవరికి గుర్తుంటుంది?

పగలు ఏమేం చూశామో రాయను. అవి చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకు నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పాలి. స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ దగ్గర ఎత్తు కొలిచారు. 44 అంగుళాలుంటేనే లోపలికి. మా అమ్మాయి గీత దాటి ఇంకా పైకి ఉంది. "చూశావా, నేను పెద్దదాన్నే" అని అన్నయ్యకు వినబడేలా చెప్పింది. ఆ ఊళ్ళో పిల్లలు ఎప్పుడు పెద్దవుతారన్నదానికి ఒక్కొక్క చోట ఒక్కొక్క లెక్క. మూడేళ్ళ లోపు వాళ్ళకు టికెట్ లేదు. పది నిండితే పెద్దవాళ్ళ టికెట్టే. మావాడికి పది నిండి అప్పటికి ఆరు వారాలు. రెండు టికెట్లకూ తేడా ఏమంత లేదు, అయినా ఆ ఆరు వారాలు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నాయి. రైడ్ల దగ్గర ఎత్తు లెక్క. పార్కు వాళ్ళు అద్దెకిచ్చే బండికి బరువు లెక్క, 50 పౌండ్లు. కాళ్ళ నొప్పికి మాత్రం ఏ బోర్డు మీదా లెక్క రాసి లేదు.

బాణసంచా అయిపోయేసరికి ఆ పెద్దది కాస్తా చిన్నదైపోయింది. జనమంతా ఒకేసారి గేటువైపు తిరిగారు. అమ్మాయి నా చేయి పట్టుకుని నడుస్తోందనే అనుకున్నాను. చేయి బరువెక్కుతుంటే వంగి చూశాను. కళ్ళు మూసుకుని నడుస్తోంది. మావారు ఎత్తుకున్నారు. దాదాపు ఇరవై రెండు కిలోలు. మేలుకుని ఉన్న ఇరవై రెండు కిలోలు వేరు, నిద్రపోతున్న ఇరవై రెండు కిలోలు వేరు. మెలకువగా ఉన్న పిల్ల మెడ పట్టుకుంటుంది. నిద్రపోయిన పిల్ల బియ్యం బస్తాలా కిందికి జారుతూనే ఉంటుంది. ఆయన ఎడమ భుజం మీదినుంచి కుడి భుజానికి, కుడి భుజం మీదినుంచి ఎడమ భుజానికి మార్చుకుంటూ నడిచారు. ఎక్కడో ఒక చెప్పు జారిపడింది. నేను వెనక్కి వెళ్ళి, వరదలా వస్తున్న కాళ్ళ మధ్య ఆ గులాబీరంగు చెప్పును వెతికి పట్టుకొచ్చేసరికి మోనోరైలు క్యూలో మా ముందు మరో వందమంది చేరారు. అబ్బాయి కమ్మీకి గడ్డం ఆనించి నిలబడ్డాడు. వాడికి మాట్లాడే ఓపిక కూడా లేదు.

కారు చేరాక ఫోను చూస్తే ఇరవై నాలుగు వేల అడుగులు. నా అడుగులే అన్ని ఉంటే, ఆ పొట్టి కాళ్ళు ఇంకెన్ని వేసి ఉంటాయి! ఆ లెక్క అంతకుముందు నాకు తట్టనే లేదు. "బాగా నడుస్తుంది" అన్నది బడినుంచి ఇంటికి చాలే మాట.

రెండోరోజు అభిమానం చంపుకుని గేటు దగ్గర బండి అద్దెకు తీసుకున్నాం. గట్టి ప్లాస్టిక్‌ది. అమ్మాయి దాన్ని ఎగాదిగా చూసి "నేనేం పాపాయినా?" అంది. అన్నయ్య పకపకా నవ్వాడు. అంతే, ఎక్కనని భీష్మించుకుంది. మేం ఖాళీ బండిని తోసుకుంటూ నడిచాం. కాసేపటికి అందులోకి నీళ్ళ సీసాలు చేరాయి, తర్వాత వాన కోట్లు, తర్వాత నా చేతిసంచి. మధ్యాహ్నానికి అమ్మాయి తను కొనుక్కున్న ఎలుగుబంటి బొమ్మను అందులో కూర్చోబెట్టింది. బొమ్మకు కాళ్ళు నొప్పట. ఇంకో పావుగంటకు బొమ్మ పడిపోకుండా పట్టుకోవడానికి ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి కదా అంది. ఎవరు కూర్చుంటారని మేమూ అడగలేదు.

అయితే బండి ఉంటే బాధలన్నీ తీరతాయనుకోవడమూ పొరపాటే. పిల్లలను నడక కన్నా ఎక్కువ అలసట పెట్టేది నిలబడటం. క్యూలోకి బండిని రానివ్వరు, బయటే వదిలి వెళ్ళాలి. నలభై నిమిషాలు నిలబడినంతసేపూ బండి బయట చల్లగా నీడలో ఉంటుంది, పిల్ల లోపల మన నడుముకు వేలాడుతూ ఉంటుంది. తిరిగి వచ్చాక మన బండి పెట్టినచోట ఉండదు. అక్కడి సిబ్బంది వాటిని వరుసలుగా సర్దుతూనే ఉంటారు. ఒకే రంగు, ఒకే ఆకారం ఉన్న బండ్ల బారు ముందు నిలబడి నీళ్ళ సీసా మూతను బట్టి మాది గుర్తుపట్టాను. అప్పటికప్పుడు అమ్మాయి జడకున్న రిబ్బను విప్పి పిడికి కట్టాను.

రాత్రి గేటు దగ్గరకు వచ్చాక అసలు సంగతి తెలిసింది. పార్కులో తీసుకున్న బండి పార్కు దాటకూడదు. మోనోరైలు, సరస్సు, కారు దాకా నడక అన్నీ గేటుకు అవతలే. అమ్మాయి మళ్ళీ భుజం మీదికి ఎక్కింది. మావారు నావైపు చూశారు గానీ ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదనిపించింది.

మూడోరోజు ఉదయం ఊళ్ళో బండ్లు అద్దెకిచ్చే ఒక దుకాణానికి వెళ్ళాం. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించితే పార్కులోకి రానివ్వరు. 2019 మే నెలనుంచి ఆ నిబంధన ఉంది. వ్యాగన్‌లా ఉండే స్ట్రోలర్లను కూడా అప్పుడే నిషేధించారు. దుకాణదారు అడక్కుండానే టేపు తీసి కొలిచి చూపించాడు. అది మడతపడేది, పైన నీడ కూడా ఉంది. వారానికి అతను చెప్పిన అద్దె విని నోరు తెరిచాను. బేరమాడబోతే మావారు నా మోచేయి పట్టుకుని, "నా భుజాన్ని అడిగి బేరమాడు" అన్నారు.

మధ్యలో రోజులు వదిలేస్తాను. అమ్మాయి ఎప్పుడు అలిసిందో అప్పుడు ఎక్కింది, ఎప్పుడు ఊసుపోలేదో అప్పుడు దిగింది. రెండుసార్లు జోరున వాన పట్టింది. ఒక రోజంతా బండి సామాన్లకే పనికొచ్చింది. ఎప్‌కాట్ అనే మరో పార్కుకు వెళ్ళిన రోజు గురించి మాత్రం చెప్పాలి.

అక్కడ కొలను చుట్టూ పదకొండు దేశాల పేరుతో కట్టిన మండపాలున్నాయి. చుట్టూ తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. మెక్సికో దగ్గర మొదలుపెట్టి సగం దూరం వచ్చాక, అంతవరకూ చెల్లెల్ని "పాపాయీ, పాపాయీ" అని ఏడిపించిన మా పెద్దమనిషి బూటు విప్పి చూపించాడు. మడమ మీద బొబ్బ చిట్లింది. వాడు బండివైపు చూడకుండా బండి పక్కన నిలబడ్డాడు. చెల్లెలే దిగి, "ఎక్కు పాపాయీ" అంది.

మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, టోపీ కళ్ళమీదికి లాక్కుని వాడు కూర్చున్నాడు. చెల్లెలు శక్తికొద్దీ తోస్తూ, "జరగండి, జరగండి" అంటూ దారి చేసుకుంది. జపాన్ మండపం దగ్గర ఒకావిడ మావాణ్ణి తేరిపార చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మొదటిరోజు ఉదయం పడవలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్ట్రోలర్‌లో కూర్చున్న ఒక పెద్ద పిల్లాణ్ణి నేను అచ్చం అలాగే చూశాను. ఆ పిల్లాడి తల్లి నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఇప్పుడు నేను మొహం తిప్పుకోదలచుకోలేదు. బొబ్బ గురించి చెప్పాలా, మీకెందుకని అడగాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆవిడ దగ్గరకు వచ్చి, "ఇంత పెద్దవాళ్ళకు సరిపోయేది ఎక్కడ దొరికిందండీ?" అంది. వెనక రాతి అరుగు మీద ఆవిడ కూతుళ్ళిద్దరూ చెప్పులు విప్పేసి కూర్చున్నారు. చిన్నదానికి ఎనిమిదేళ్ళుంటాయి.

చివరి రాత్రి మళ్ళీ మ్యాజిక్ కింగ్‌డమ్‌కే వెళ్ళాం. బాణసంచా మొదలవకముందే అమ్మాయి బండిలో నిద్రపోయింది. అంత చప్పుడుకు కనురెప్ప కూడా కదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు పడవ ఎక్కాం, బండిని అలాగే తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోవచ్చు. అవతల పార్కింగ్ ట్రామ్ ఎక్కాలంటే మాత్రం బండి మడవాలి. ట్రామ్ వదిలేసి నడిచాం. అక్కడ కార్లు నిలిపే చోట్లకు బొమ్మల కథల్లోని పాత్రల పేర్లు పెట్టారు, మాది సింబా. అబ్బాయి ముందు నడుస్తూ బోర్డులు చదివాడు. మావారు ఒంటిచేత్తో బండి తోస్తూ ఏదో కూనిరాగం తీశారు. ఆ వారంలో ఆయన పాడటం నేను వినడం అదే మొదలు.

కారు దగ్గరకు వచ్చాక తోటికోడలికి ఫోను చేశాను.

"ఆరు రోజులు ఆలస్యంగా చేశావు" అంది. "ఎక్కడున్నారు?"

"కారు పక్కన నిలబడ్డాం."

"నిలబడటమెందుకు? ఎక్కండి."

"బండి మడిస్తే గానీ డిక్కీలో పట్టదు అక్కా. దాన్ని లేపితే గానీ బండి మడవలేం."

చుట్టూ కార్లు ఒక్కొక్కటే దీపాలు వెలిగించుకుని కదిలిపోతున్నాయి. అబ్బాయి వెనక సీట్లో బూట్లు విప్పేసుకుని అప్పటికే కళ్ళు మూశాడు. మావారు బండి పిడికి కట్టిన రిబ్బను ముడి విప్పుతూ, "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అన్నారు.