పాచిక ఎక్కడ పడాలి?

తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ. భీమిలి వైపు ఉన్న ఈ మూడు బౌద్ధ క్షేత్రాల మీదుగా నడిచే మా రోల్‌ప్లేయింగ్ కామిక్‌ని (పాత్రల ప్రయత్నం ఫలించిందో లేదో పాచిక తేల్చే బొమ్మల కథ) పేజీల నుంచి ఫోన్ స్క్రోల్‌కి మారుస్తున్నాం. బొమ్మల సైజు మారిస్తే చాలదు, కథ కట్టే తీరే మారాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

అచ్చులో పాచిక విసిరే గడి కుడిచేతి పేజీ అడుగున పెడతాం. ఫలితం పేజీ తిప్పాకే. స్క్రోల్‌లో ఆ మలుపు లేదు, ఖాళీయే ఆ పని చెయ్యాలి. 800 పిక్సెళ్ల వెడల్పుతో గీస్తే, 20:9 ఫోన్ తెరలో ఒకేసారి సుమారు 1780 పిక్సెళ్ల ఎత్తు కనిపిస్తుంది. విసిరే గడి 800 ఎత్తుంటే కింద కనీసం 1000 ఖాళీ వదలాలి. లేకపోతే విసురూ ఫలితమూ ఒకే చూపులో పడి ఉత్కంఠ చచ్చిపోతుంది.

గెలవడానికి పాచికలో ఎంత రావాలో ముందే చూపించాలి. 20 ముఖాల పాచికలో 15 గానీ అంతకు మించి గానీ పడే అవకాశం 30 శాతం. స్నేహితుడు తోడుంటే రెండు విసిరి పెద్దది తీసుకోవచ్చు, అప్పుడు 51. ఆ తేడా పాఠకుడికి తెలిస్తేనే తోడొచ్చిన స్నేహితుడి సాయానికి విలువ. ఓడినా కథ ముందుకు కదలని చోట పాచిక అసలు వెయ్యకూడదు, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. తాళం తెరుచుకోకపోతే కాపలావాడు నిద్ర లేవాలి. ఊరికే మళ్లీ విసరడం ఆటలో సరదాయేమో, కామిక్‌లో వృథా గడి.

తెలుగు బుడగల్లో వరుసల మధ్య ఎడం కాస్త పెంచండి, పై వరుస వత్తులు కింది గుడులకి తగులుతాయి.