గడుసు పుంజు, ఒక్క డెకాయ్: మిస్సోరీలో ఈ టర్కీ సీజన్

ఈ వసంతంలో నా వేటంతా ఒక్క అడవి టర్కీ కోడి పుంజు చుట్టూనే తిరిగింది. దక్షిణ మిస్సోరీ మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌లో, రెండు వాగుల మధ్య పొడుగ్గా సాగే ఒక గుట్ట దాని ఇలాకా. అది ప్రభుత్వ అడవి, పర్మిట్ ఉన్నవాళ్ళెవరైనా రావచ్చు. అలాంటి చోట రెండు మూడేళ్ళు బతికి బట్టకట్టిన పుంజు వేటగాళ్ళు పెట్ట గొంతుతో చేసే రకరకాల కాల్స్ విని ఉంటుంది, డెకాయ్ అనే ప్లాస్టిక్ పెట్ట బొమ్మల్ని చూసి ఉంటుంది. దాన్ని తుపాకీ అందే దూరానికి రప్పించడం వేరే విద్య.

సీజన్‌కి ముందు

ముందు రూల్స్. ఇక్కడ వసంత సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి వేటాడొచ్చు. ప్రైవేటు భూముల్లో 2024 నుంచి సూర్యాస్తమయం దాకా అనుమతి ఇచ్చారు కానీ, ప్రభుత్వ భూమిలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఆపేయాల్సిందే. సీజన్ మొత్తానికి రెండు పక్షులు, మొదటి వారంలో ఒక్కటే. అదీ పుంజు గానీ, రొమ్ము మీద గడ్డం (వెంట్రుకల్లాంటి ఈకల కుచ్చు) కనిపించే పక్షి గానీ అయి ఉండాలి.

మనవాళ్ళు చాలామందికి తెలియని విషయం ఒకటుంది. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దాని నుంచి మినహాయింపు ఉంటుంది. లైసెన్సు గడువు దాటితే మినహాయింపూ పోతుంది. ఈ ఒక్క విషయంలో లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి.

తుపాకీ 12 గేజ్, దానికి టర్కీ వేట కోసమే చేసిన ఎక్స్‌ట్రా ఫుల్ చోక్, అంటే గుళ్ళు ఎక్కువగా చెదరకుండా గొట్టం మొనకి బిగించే ముక్క. 40 గజాల దూరంలో కాగితం మీద 10 అంగుళాల గుండ్రం గీసి కాల్చి చూశాను. ఆ గుండ్రంలో వంద పెల్లెట్లు (షెల్‌లోని చిన్న గుళ్ళు) పడాలన్నది టర్కీ వేటగాళ్ళు పెట్టుకున్న లెక్క. నా 5 నంబర్ సీసం షెల్స్ 35 గజాల దాకా బాగానే పడ్డాయి, ఆ పైన పలచబడ్డాయి. టంగ్‌స్టన్ షెల్స్ ఇంకా దూరం కొడతాయి కానీ ఒక్కొక్కటి పది డాలర్ల పైమాటే. డబ్బు సంగతి పక్కన పెట్టినా, పక్షిని దగ్గరికి రప్పించడమే ఈ వేటలో అసలు ఆనందం కాబట్టి 30 గజాలే నా హద్దు అని పెట్టుకున్నాను.

ఇప్పుడు ఇంత సులువుగా వాటి కూత వింటున్నాం గానీ, ఒకప్పుడు మిస్సోరీలో టర్కీలు దాదాపు అంతరించే దశకి వచ్చాయి. 1954 నుంచి పెక్ రాంచ్ అనే వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం దగ్గర ఫిరంగి లాంటి గొట్టాలతో వలలు పేల్చి బతికున్న పక్షుల్ని పట్టి, మిగతా జిల్లాల అడవుల్లో వదిలారు. 1960లో మళ్ళీ మొదటి సీజన్ తెరిచారు. ఆ పని చేసినవాళ్ళ మీద నాకు చాలా గౌరవం.

మొదటి వారం

తెల్లవారక ముందే గుట్ట కొన మీద నిలబడి గుడ్లగూబలా కూస్తే, చెట్టు మీది పుంజు ఉలిక్కిపడి బదులు కూస్తుంది. అది రాత్రి ఎక్కడ పడుకుందో అలా తెలిసింది: వాగు తల దగ్గర పెద్ద ఓక్ చెట్టు మీద. దానికి 150 గజాల్లో, చెట్లు పలచగా ఉన్న చదునులో డెకాయ్‌లు పెట్టాను. రెండు పెట్టలు, ఒక పడుచు పుంజు. పడుచు పుంజు డెకాయ్ మొహం వేటగాడి వైపు ఉండాలి. పెద్ద పుంజు దాన్ని ఎదురుగా వచ్చి బెదిరిస్తుంది, అప్పుడు దాని వీపు మన వైపు ఉంటుంది, తోక విప్పితే మనం తుపాకీ కదిపినా దానికి కనపడదు. దూరం 18 గజాలు.

చెట్టు దిగి వచ్చింది. చదును అంచున, దాదాపు 70 గజాల్లో ఆగింది. కాసేపు పురి విప్పి అటూ ఇటూ తిరిగింది. తర్వాత తోక ముడిచి, మెడ నిగిడ్చి "పట్" అని ఒక్క శబ్దం చేసి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇదే వరస.

ఎందుకు ఆగుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ప్రకృతిలో పుంజు కూస్తుంది, పెట్ట దాని దగ్గరికి నడిచి వస్తుంది. పుంజుకి పెట్ట కళ్ళారా కనిపించిందంటే, ఇక అది వస్తుందని ఎదురుచూస్తూ అక్కడే పురి విప్పుకుని నిలబడుతుంది. ఎంతకీ కదలని పెట్ట దానికి అనుమానం. పైగా ఇదివరకు వేరే పుంజుల చేతిలో తన్నులు తిన్న పక్షికి పడుచు పుంజు బొమ్మని చూసినా బెదురే. డెకాయ్ దూరం నుంచే కనిపించడం వల్ల ఆ పుంజు దూరంలోనే ఆగుతోంది.

రెండో వారం

పడుచు పుంజుని సంచిలోనే ఉంచాను. ఒక్క పెట్ట, అదీ తల వంచి మేస్తున్న భంగిమలో ఉన్నది. చిన్న విషయాలే కానీ తేడా తెస్తాయి: తెల్లవారుజామున మంచు తడికి ప్లాస్టిక్ నిగనిగలాడుతుంది, గుడ్డతో తుడవాలి. తేలికపాటి డెకాయ్ గాలికి గిర్రున తిరుగుతుంది, తోక కింద అటొకటి ఇటొకటి పుల్లలు గుచ్చితే కొద్దిగా ఊగి ఆగుతుంది. ఆ కొద్దిపాటి కదలికే బాగుంటుంది.

అయినా పొద్దున పూట దాని చుట్టూ నిజమైన పెట్టలే ఉన్నాయి. వాటిని వదిలి నా బొమ్మ దగ్గరికి ఎందుకొస్తుంది? ఇక్కడే టైమ్ గురించి ఆలోచించాను. పెట్ట ఇంచుమించు రోజుకో గుడ్డు చొప్పున పది పన్నెండు పెడుతుంది. పొద్దెక్కాక ఒక్కొక్కటీ పుంజుని వదిలి గూటి దారి పడుతుంది. సీజన్ ముదిరేకొద్దీ పొదిగే పెట్టలు ఎక్కువవుతాయి, పుంజు ఒంటరి అవుతుంది. తొమ్మిదిన్నర దాటాక గుట్ట నడినెత్తి మీద ఒక్క కూత వినిపించింది, దానికి జవాబిచ్చే పెట్ట ఏదీ లేదు. నాకు కావలసింది అదే. ఆరోజు దాన్ని కదపకుండా, నడిచిన దారిని మాత్రం గుర్తు పెట్టుకుని వచ్చేశాను.

ఇంకో మాట, జాగ్రత్త గురించి. ప్రభుత్వ అడవిలో డెకాయ్ చూసి ఇంకో వేటగాడు గురి పెట్టే ప్రమాదం నిజంగా ఉంది. మోసేటప్పుడు సంచిలో పూర్తిగా కప్పి, పైన నారింజ గుడ్డ కట్టాలి. భుజాల కన్నా వెడల్పైన చెట్టుకి ఆనుకుని కూర్చోవాలి. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు లోపల వేసుకున్నా తప్పే, పుంజు తల రంగులు అవే. ఎవరైనా కనిపిస్తే చెయ్యి ఊపకుండా గట్టిగా మాట్లాడాలి. విప్పిన టర్కీ తోక ఒకటి చేత్తో అడ్డం పట్టుకుని, దాని చాటున పుంజు వైపు పాకుతూ వెళ్ళే పద్ధతి ప్రభుత్వ అడవిలో ఎవరూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

మూడో వారం

గుట్ట మీద పాత కలప లారీల బాట ఒకటుంది. ఒకచోట చిన్న ఎత్తు ఎక్కి వంపు తిరుగుతుంది. వంపుకి ఇవతల, అవతలి నుంచి చూస్తే కనపడని పల్లంలో పెట్ట డెకాయ్ పెట్టాను. నేను దానికి 20 గజాలు ఇవతల కూర్చున్నాను. పుంజు ఎత్తు ఎక్కితే గానీ డెకాయ్ కనిపించదు, ఎక్కిందంటే నా హద్దులో ఉన్నట్టే. మన పల్లెల్లో ఒకప్పుడు కౌజుల వేటలో దీమపు పిట్టని పొద చాటున ఉంచి కూయించినట్టు: ముందు వినపడాలి, కనపడటం తర్వాత.

తొమ్మిదిన్నరకి స్లేట్ కాల్ (పలక మీద పుల్ల రాసి పెట్ట గొంతు పుట్టించే సాధనం) మీద మెల్లగా రెండు మూడు క్లక్‌లు, ఒక పర్, రెండూ పెట్ట చేసే చిన్న శబ్దాలు. చేత్తో ఎండుటాకులు గీరాను, మేస్తున్న పెట్ట గీరినట్టు: చకచకా రెండు, ఆగి ఒకటి. దూరంగా ఒక్కసారి కూసింది. ఇక కాల్ పక్కన పెట్టేశాను. ఇక్కడే చాలామందికి చెయ్యి ఆగదు, అది కూసినప్పుడల్లా జవాబిస్తారు. బాగా వేట తగిలిన పుంజుకి మౌనం ఇవ్వాలి, అప్పుడే వెతుక్కుంటూ వస్తుంది.

నలభై నిమిషాలు ఏమీ లేదు. మోకాలి మీద తుపాకీ, కాళ్ళు తిమ్మిరి, టెన్షన్. ఆ తర్వాత చెవికి కన్నా ఛాతీకి తెలిసే గుమ్మనే శబ్దం. అది పురి విప్పినప్పుడు చేసే డ్రమ్మింగ్, దగ్గరున్నప్పుడే వినపడుతుంది. కూత లేకుండా వచ్చేసింది. ముందు తోక అంచు, తర్వాత తెల్లని నడినెత్తి. ఎత్తు మీదకి వచ్చి డెకాయ్‌ని చూసి మెడ చాచింది. 27 గజాలు. మెడ ఈకలు మొదలయ్యే చోట గురి పెట్టి కాల్చాను, అక్కడికక్కడే పడింది.

గడ్డం పదిం పావు అంగుళాలు, కాలి ముల్లు అంగుళం దాటింది, అంటే మూడేళ్ళో అంతకన్నా ఎక్కువో. అక్కడే పర్మిట్‌కి గుర్తు కోశాను. అదేరోజు రాత్రి పది లోపు రాష్ట్ర వేట నమోదు వ్యవస్థ టెలిచెక్‌లో నమోదు చేయాలి, ఫోన్ యాప్‌లోనే అయిపోతుంది. మే నెల ఎండ కాబట్టి పొట్ట వెంటనే శుభ్రం చేసి, లోపల ఐస్ సంచి పెట్టి తెచ్చాను.

వంటలో రొమ్ము, కాళ్ళు రెండూ వేరు వేరు మాంసాలు అనుకోవాలి. రొమ్ముని నారకి అడ్డంగా పలచగా కోసి, పెరుగు, కారం, అల్లం వెల్లుల్లిలో నానబెట్టి పెద్ద మంట మీద త్వరగా వేపాలి, ఎక్కువసేపు ఉంచితే పీచు. కాళ్ళలో పుల్లల్లాంటి నరాలుంటాయి, వాటిని కుక్కర్లో మెత్తగా ఉడికించి ఎముక నుంచి మాంసం విడదీసి, నాటుకోడి పులుసు మసాలాతో దగ్గరికి తీశాం. ఇంట్లో రెండోసారి వడ్డించుకున్నది కాళ్ళ కూరే.

రెక్కలోని మూడు ఎముకల్ని ఉడికించి, గుజ్జు తీసి ఆరబెట్టాను. సన్నది నోటి వైపు, మధ్యరకం నడుమ, లావుది చివర పెట్టి అతికిస్తే వింగ్‌బోన్ కాల్ తయారవుతుంది. జిగురు ఆరాక దాని మీద యెల్ప్ (పెట్ట పిలిచే కూత) నేర్చుకోవాలి.