హంసను గీస్తే కొంగైంది: కుప్పడం చీరకు ముందు నా అనుభవం

ఆరేళ్లుగా మూలపడి ఉన్న నాయన గుంట మగ్గం మీదనే చెల్లెలి పెళ్లికి కుప్పడం పట్టుచీర నేయాలని నిరుడు సంక్రాంతికి నిశ్చయించుకున్నాను. మాది ధర్మవరం, 2022లో జిల్లా మారినా మా నోట ఇంకా అనంతపురం ధర్మవరమే. కుప్పడంలో ఒడలిదొక రంగు, అంచులది మరొక రంగు కాగా, రెండూ కలిసే చోట పేకకు పేక (అడ్డపోగుకు అడ్డపోగు) మెలిపడాలి కాబట్టి మూడు నాడెలు (పేకను అటూఇటూ నడిపే కండెలు), అవతలి అంచు దగ్గర రెండో మనిషి కావాలి. సెలవు రోజుల్లో మాత్రమే గుంటలోకి దిగగల నాకు ఇది తలకు మించిన పని అని చిన్నాయన అన్నాడు. అంటూనే ఆ రెండో మనిషి తానే అవుతానని ఒప్పుకున్నాడు.

మొదట నాకు నచ్చిన వెడల్పు, నాకు నచ్చిన అంచు రాసుకున్నాను. మగ్గంలో ఉన్న అచ్చును, అంటే పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటి పలకను, చూసిన తరువాత అదంతా కొట్టేయవలసి వచ్చింది. పాత అచ్చులోని పోగుల లెక్కకు సరిపోతే కొత్త పడుగును (నిలువు పోగులను) అందులోని పాత పోగులకే అతుకుకోవచ్చు. సరిపోకపోతే వేల పోగులను ఒక్కొక్కటిగా మళ్లీ అచ్చులోకి ఎక్కించాలి. అందువల్ల అంగుళానికి 100 పోగుల చొప్పున ఒడలికి 36 అంగుళాలు, ఒక్కో అంచుకు 6 అంగుళాలు, మొత్తం 4800 పోగులకే చీరను కుదించుకున్నాను. రవికె గుడ్డతో కలిపి చీరకు 6.3 మీటర్లు. ఒక్క చీరకే పడుగు పోయిస్తే శ్రమ దండగ కనుక మూడు చీరలకు, తరుగుతో కలిపి 20.5 మీటర్లు వేసుకున్నాను. ఒడలి 3600 పోగులకు రెండు పోగులు పేనిన పట్టు దాదాపు 345 గ్రాములని తేలింది. కానీ ఉడకబెట్టి జిగురు తీస్తే పట్టు బరువు నాలుగోవంతు దాకా తగ్గుతుంది కాబట్టి, ఈ లెక్క పచ్చి పట్టుకే చెల్లుతుందని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

అసలు తప్పు గ్రాఫు కాగితం మీద జరిగింది. లేపాక్షి లతా మంటపం స్తంభాల మీది తీగలను మనసులో పెట్టుకుని, వాటి నడుమ ఒక హంసను చతురస్రపు గళ్లలో ఎంతో ముచ్చటపడి గీశాను. నిలువు గడి ఒక పోగు, అడ్డ వరుస ఒక అట్ట (బొమ్మకు ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్ట). అట్టలు కొట్టించి, నాయన మిగిల్చిన మూరెడు పాత పడుగు మీద పరీక్షగా నేసి చూస్తే హంస మెడ సాగిపోయింది. "పాపా, నువ్వు గీసింది హంస, నేసింది కొంగ" అన్నాడు చిన్నాయన. పోగులు అంగుళానికి 100 ఉండగా జరీ పేక 70 మాత్రమే పడుతోంది. ఆ లెక్కన 100 వరుసలు నేస్తే అంగుళానికి బదులు అంగుళంన్నరకు చేరువవుతుంది. ప్రతి 10 గళ్ల వెడల్పుకు 7 వరుసలే ఉండేట్టు మళ్లీ గీయడానికి మూడు వారాలు, కొత్త అట్టలకు మళ్లీ డబ్బు ఖర్చయ్యాయి. చేతిలో ఆ పాత పడుగు లేకుంటే కొంగ నేరుగా పెళ్లిచీర మీదే వాలేది.

ఒడలికి కావలసిన పడుగు, పేక రెండింటినీ ఒకేసారి రంగు వేయించాను. తరువాత పేక చాలక మళ్లీ వేయిస్తే అదే ఛాయ రావడం దుర్లభం. ఆసు పోయించిన (పడుగు పోగులను వరుసగా సాగదీయించిన) తరువాత వీధిలోని ఇద్దరు అక్కలు వేళ్లకు బూడిద అద్దుకుంటూ పాత పోగుకు కొత్త పోగును మెలిపెట్టి మూడు రోజుల్లో 4800 అతుకులు పూర్తి చేశారు. నేను కూడా కూర్చున్నాను కానీ, నేను అతికిన వాటిలో సగం లాగగానే ఊడిపోయాయి.

వానలు పడితే గుంటలో చెమ్మ చేరుతుంది కాబట్టి వైశాఖంలోనే మొదలుపెట్టాము. మొదటి ఆదివారం నాలుగు అంగుళాలు సాగింది. హంస మెడ సరిగానే వచ్చింది.