కవి పేరు ముందు చెప్పి పాడే ఊరు

లిస్బన్‌లో మొదటి రాత్రే మూడ్ పాడైంది. బైర్రు ఆల్టు అనే పేటలో, ఫాడో అనే పోర్చుగీసు పాటలు పాడే, పెద్ద బోర్డున్న ఒక రెస్టారెంట్‌కి వెళ్ళాం. కూర్చోగానే రొట్టె, ఆలివ్ కాయలు, చీజ్ ముక్కలు తెచ్చి పెట్టారు. మన హోటళ్ళలో ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టినట్టే అనుకుని తినేశాం. తీరా బిల్లులో వాటికి విడిగా డబ్బులు! ముందే వద్దని తిప్పి పంపితే వేయరట. ఇద్దరికీ కలిపి 110 యూరోలు అయింది. అదైనా సహించేవాణ్ణి. పాట నడుస్తుంటే చుట్టూ అందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీయడం మాత్రం భరించలేకపోయాను. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అని రాత్రంతా బాధపడ్డాను.

మర్నాడు మంగళవారం. సాంతా అపొలోనియా మెట్రో దగ్గర దిగి, ఆ ఎత్తంతా ఆయాసపడుతూ ఎక్కి, దేశంలోని ప్రముఖుల సమాధులు, స్మారకాలు ఉండే నేషనల్ పాంథియన్‌కి వెళ్ళాం. బయట పాత సామాన్ల సంత నడుస్తోంది. సాంతా ఎంగ్రాసియా చర్చిగా ఈ కట్టడం 1682లో మొదలైతే గోపురం పూర్తయ్యేసరికి 1966 వచ్చిందట. అందుకే ఎంతకీ తెమలని పనిని అక్కడి వాళ్ళు 'సాంతా ఎంగ్రాసియా పని' అంటారు.

లోపల పాతకాలపు కవి కమోయిన్ష్ పేరుతో ఒక స్మారకం ఉంది. అసలు సమాధి బెలేంలో, జెరోనిమోష్ మఠంలో ఉంది. వాస్కోడగామా 1498లో కాలికట్ చేరాడని మనం బళ్ళో బట్టీపట్టాం. ఆ ప్రయాణం మీద 1572లో మహాకావ్యం అచ్చువేయించిన ఈ కవి ఒకడున్నాడని మా సోషల్ మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో పక్క ఫాడో గాయని అమాలియా రోడ్రిగ్స్ సమాధి. దాని మీద తాజా పూలు. చిన్నప్పుడు రేవు దగ్గర పళ్ళమ్మిన పిల్ల ఆవిడ. 1999లో పోతే దేశమంతా మూడు రోజులు సంతాపం పాటించింది. 2001లో ఇక్కడికి తీసుకొచ్చారు. కమోయిన్ష్ పద్యాలను ఆవిడ 1965లో ఫాడోగా పాడితే పండితులు గొడవ చేశారట. ఇప్పుడు అదే కప్పు కింద అతని స్మారకమూ ఉంది, ఆవిడ సమాధీ ఉంది. కవయిత్రి సోఫియా ద మెల్లో బ్రేనర్ ఆండ్రెసెన్ కూడా 2014లో ఇక్కడికే చేరింది. నాకు ట్యాంక్‌బండ్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న నన్ను జాషువా విగ్రహం ముందు నిలబెట్టి పద్యం పాడేవారు. దారిన పోయేవాళ్ళు చూస్తుంటే నాకు సిగ్గేసేది.

ఆ రాత్రి అల్ఫామా అనే పాత పేటలో, మెట్ల సందులో, బోర్డు కూడా సరిగ్గా కనిపించని చిన్న కొట్టుకి వెళ్ళాం. ఎనిమిది బల్లలుంటాయి. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్ తాగుతుండగా దీపాలు తగ్గించారు. ఎవరో "సిలేన్సియు" అన్నారు. చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. బల్లల మధ్యనుంచి ఒక ముసలాయన లేచాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల కొంచెం వెనక్కి వాల్చాడు. అతని పక్కన పియర్ పండు ఆకారంలో పొట్ట ఉన్న పన్నెండు తీగల గిటార్. వాయించేవాడి వేళ్ళకు తొడిగిన గోళ్ళు ఆ మసక వెలుగులో మెరుస్తున్నాయి.

పాడేముందు ఆయన ఒక పేరు చెప్పాడు. పక్క బల్ల దగ్గరి పెద్దావిడ ఇంగ్లీషులో చెవిలో చెప్పింది: "కవి పేరు." పాత ఫాడోల్లో బాణీలు ఎప్పటినుంచో ఉన్నవేనట, ఒకే బాణీలో ఎవరికి నచ్చిన పద్యం వాళ్ళు పాడుకోవచ్చట. నాకు ఒళ్ళు జలదరించింది. నాన్న చేసింది అదే కదా! మోహనలో జాషువా పద్యమూ పాడేవారు, పోతన పద్యమూ పాడేవారు.

రెండో పాటకు చెప్పిన కవి పేరు దవీద్ మౌరావ్ ఫెరైరా. అమాలియా పాడిన పాటే అది. నియంత సలజార్ కాలంలో రాజకీయ ఖైదీలను పెట్టిన పెనీష్ కోట పేరుతో జనం దాన్ని పిలుచుకుంటారు. స్వేచ్ఛగా ఆలోచించినందుకు మనిషిని దూరంగా బంధించారని అందులో ఉంటుంది. భాష రాకపోయినా మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పెద్దావిడ పెదాలు మాత్రమే కదుపుతూ ప్రతి మాటా పలుకుతోంది.

దీపాలు వెలిగాక ఆమెకు నాన్న సంగతి చెప్పాను. "ఆ కవి పేరేమిటి?" అని అడిగింది. జాషువా అన్నాను. ఇంకోసారి చెప్పించుకుని, వెనక్కి తిరిగి ముసలాయనకు చెప్పింది. ఆయన చల్లారిన సూప్ పక్కకు జరిపి, గ్లాసు ఎత్తి, "జుజుఎ" అని తన భాషలో పలికాడు.