చుక్క గుడ్డు పెట్టలేక బాధపడిన వారం

మే 11, సాయంత్రం

చుక్క ఈ రోజు మేతకి రాలేదు. మా పెరట్లో ఉన్న నాలుగు గ్రామప్రియ జాతి పెట్టల్లో గిన్నె చప్పుడు వినగానే ముందు పరిగెత్తుకొచ్చేది అదే. ఈ రోజు జామచెట్టు కింద ఒక మూల నిలబడిపోయింది. ఒళ్ళు నిటారుగా లేపి, తోక దించేసి, కళ్ళు సగం మూసుకుని ఉంది. కాసేపు దగ్గర కూర్చుని గమనిస్తే ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. మధ్యాహ్నం నుంచి మూడుసార్లు గుడ్ల గంపలోకి వెళ్ళి, ముక్కి, గుడ్డు పెట్టకుండానే బయటికి వచ్చింది.

అమ్మ చూసి "పొదుగుకి వచ్చిందేమోరా" అంది. పొదుగుకి వచ్చిన పెట్ట గంప వదలదు, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడుస్తుంది. ఇది పట్టుకోగానే చేతుల్లోకి వచ్చేసింది. నాకు భయం వేసింది అందుకే.

ముందు కోళ్ళకి అంటుకునే రాణిఖేత్ తెగులు కాదు కదా అని చూశాను. మెడ మెలితిరగడం లేదు, రెక్కలు వాలలేదు, ఎగపోత లేదు, మిగతా మూడూ హుషారుగా ఉన్నాయి. రెట్ట మాత్రం తెల్లగా, నీళ్ళగా కొద్దికొద్దిగా పడుతోంది. మెడ కింద మేత సంచి దాదాపు ఖాళీ. తోక కింద, పొట్టకి రెండువైపులా వేళ్ళు ఆనించి మెల్లగా తడిమితే లోపల గుండ్రంగా ఏదో తగిలింది. గట్టిగా లేదు, నీళ్ళు నింపిన బెలూన్‌లా ఉంది. వెంటనే చెయ్యి తీసేశాను. గుడ్డు లోపల పగిలితే ఇన్ఫెక్షన్ వచ్చి పెట్ట ప్రాణం మీదకి వస్తుంది. దయచేసి ఎవరూ నొక్కి బయటికి తీయాలని చూడకండి.

మే 11, రాత్రి

ఎండ తగ్గాక ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, మెడికల్ షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్ కొంచెం కలిపి, పొట్ట మునిగేలా 15 నిమిషాలు కూర్చోబెట్టాను. మోచేతికి వేడి తెలియనంత వెచ్చదనం చాలు. మొదట తన్నుకుంది, రెండు నిమిషాల్లో సర్దుకుంది. తరువాత తువ్వాలుతో తుడిచి, గుడ్డు వచ్చే ద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, గోనెసంచి పరిచిన గంపలో పెట్టాను.

పెట్టని బాగా వెచ్చగా ఉంచాలని, బల్బు పెట్టాలని చాలామంది చెప్తారు. అది చలి ప్రాంతాలకి సరిపోతుంది. మన మే నెలలో మామూలుగా ఉన్న కోడే నోరు తెరిచి రొప్పుతుంది. అందుకని బల్బు పెట్టలేదు. గంపని వరండాలో చీకటిగా, గాలి ఆడేచోట ఉంచాను. వేరుగా పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ భాగం ఎర్రగా వాచి కనిపిస్తే మిగతా కోళ్ళు పొడిచేస్తాయి.

మే 12

తెల్లవారుజామున ఇంకోసారి నీళ్ళలో కూర్చోబెట్టాను. గుడ్డు రాలేదు. టెన్షన్ తట్టుకోలేక ఎనిమిదింటికల్లా గంపతో సహా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టర్ గారు తడిమి చూసి, పెంకు కట్టని తోలుగుడ్డు ఇరుక్కుందన్నారు. కాల్షియం ఇంజెక్షన్ చేసి, ఇంట్లో తాగించడానికి లిక్విడ్ కాల్షియం రాశారు. ఎంత ఇవ్వాలో పెట్ట బరువు చూసి ఆయనే చెప్పారు. సిరంజితో ముక్కు పక్కనుంచి ఒక్కో చుక్కా వేస్తూ మింగనివ్వాలి. ఒకేసారి పోస్తే శ్వాసనాళంలోకి పోతుంది.

రాత్రి పదిన్నరకి గంప ఎత్తి చూస్తే గోనెసంచి మీద నలిగిన తోలుగుడ్డు ఉంది. పెంకు లేదు, తెల్లటి పొర ఒక్కటే. పొర చిరగలేదు. లోపల ముక్క ఏదీ మిగల్లేదని నమ్మకం కలిగాక అమ్మని నిద్రలేపి మరీ చెప్పాను.

మే 14

చుక్క లేచి తిరుగుతోంది, తురాయి రంగు ఇంకా పాలిపోయే ఉంది. ఈ రెండు రోజులూ నేను మేత లెక్క చూసుకున్నాను. అసలు తప్పు అక్కడే దొరికింది.

మా అమ్మమ్మ నాటుకోళ్ళకి నూకలు, తవుడు, మిగిలిన అన్నం వేసేది. నేనూ అదే వేస్తున్నాను. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది, మధ్యలో పొదుగుతుంది, నెలల తరబడి ఆగుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన గ్రామప్రియ అలా ఆగదు, ఏడాదికి 150 దాటి పెడుతుంది. ఒక్కో గుడ్డు పెంకుకి సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల నూకల్లో ఉండేది సుమారు 10 మిల్లీగ్రాములు. పైగా తవుడులో ఉండే ఫాస్ఫరస్ ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు. ఇక ఎండాకాలంలో పెట్ట రొప్పేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, పెంకు తయారీకి కావలసిన కార్బొనేట్ తగ్గిపోతుంది. వేడికి మేత కూడా తక్కువ తింటుంది. కాల్షియం తగ్గితే పెంకు పలచబడటమే కాదు, గుడ్డుని బయటికి తోసే కండరం కూడా బలహీనపడుతుంది. మెత్తటి గుడ్డు మీద ఆ కండరానికి పట్టు దొరకదు.

ఏప్రిల్ చివర్లో గంపలో రెండుసార్లు పలచటి పెంకు గుడ్లు కనిపించాయి. ఎండల వల్లే అనుకుని ఆమ్లెట్ వేసుకున్నాం. అప్పుడే మేత మార్చి ఉండాల్సింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంది.

మే 15

మా తణుకు చుట్టూ గుడ్ల ఫారాలు చాలా ఉన్నాయి కాబట్టి లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ళ మేత), షెల్ గ్రిట్ (గుల్లల ముక్కలు) దొరకడం కష్టం కాలేదు. లేయర్ మేతలో కాల్షియం 3.5 శాతం దాకా ఉంటుంది. కోడిపిల్లల మేతలో సుమారు 1 శాతమే, గుడ్లు పెట్టే కోడికి అది చాలదు. గ్రిట్‌ని మేతలో కలపకుండా వేరే మూకుడులో పెట్టాను, ఎవరికి ఎంత కావాలో అవే తింటాయి. సాయంత్రం తప్పకుండా నింపుతున్నాను. పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రిపూట. పెద్ద ముక్కలు కడుపులో మెల్లగా కరిగి ఆ సమయానికి అందుతాయి. నూకలు సాయంత్రం ఒక గుప్పెడు మాత్రమే. అమ్మకి ఇది నచ్చలేదు, "నోరు కట్టేశావురా వాటికి" అంటోంది.

మే 22

పది రోజులు చుక్క గుడ్డు పెట్టలేదు. నేను తొందరపడలేదు, ఆ విశ్రాంతి దానికి కావాలి. రోజూ పొద్దున్న పొట్ట తడిమి చూశాను, వాపు గానీ నీరు పట్టడం గానీ లేదు. తురాయి మళ్ళీ ఎర్రబడింది.

ఈ రోజు పొద్దున్న తొమ్మిదింటికి గంపలోంచి అరుపు వినిపించింది. 49 గ్రాముల గుడ్డు, ఒక చివర గరుకుగా ఉంది, కానీ పెంకు గట్టిగానే ఉంది. చుక్క అప్పటికే మేత గిన్నె దగ్గర ఉంది.