బ్రేక్ వేస్తే టక్, గుంతలో పడితే టప్

కారు ముందు ఎడమ వైపు నుంచి ఒక శబ్దం వచ్చేది. టక్ మని ఒక్కసారి, అంతే. ఒకరోజు వస్తుంది, ఇంకోరోజు రాదు, మెకానిక్ పక్కన కూర్చుంటే అస్సలు రాదు. ఇలాంటి శబ్దంతో తిరిగినవాళ్లకి తెలుస్తుంది ఆ చికాకు ఎలా ఉంటుందో, పాటలు ఆపేసి, అద్దాలు దించి, చెవి అటే పెట్టి నడుపుతుంటాం. నాకు మూడు నెలలు పట్టింది దాన్ని పట్టుకోడానికి. ఈలోపు లింక్ రాడ్లు (కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రాల వైపు కలిపే చిన్న రాడ్లు) మార్పించా, తర్వాత స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంట్ మార్పించా, రెండుసార్లూ తగ్గినట్టే అనిపించింది, వారం తిరక్కముందే మళ్లీ మొదలు.

అసలు విషయం ఏంటంటే అది ఒక శబ్దం కాదు, రెండు. రెండూ ఒకే చక్రం దగ్గర, రెండూ ఎక్కువగా బ్రేక్ వేసినప్పుడే, కానీ కారణాలు వేరు. ఒకటే అనుకుని వెతికినన్నాళ్లూ ఏ పరీక్ష చేసినా జవాబు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చేది. అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తున్నా, ఇలాంటి టక్ టక్ తో వర్క్‌షాప్ చుట్టూ తిరిగేవాళ్లు పార్టులు మార్చేముందు ఒకసారి చదవండి.

మొదట ఒక మాట. శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో చెవితో చెప్పడం చాలా కష్టం, ఎందుకంటే ఇనుము శబ్దాన్ని మోసుకుపోతుంది. చక్రం దగ్గర పుట్టింది సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించి ఉండే కింది ఇనుప చట్రం) మీదుగా వచ్చి కాళ్ల కింద కొట్టినట్టు వినపడుతుంది, ఎడమది కుడివైపు వినపడటం కూడా మామూలే. కాబట్టి ఎక్కడ అనేదానికంటే ఎప్పుడు అనేది పట్టుకోవాలి. నేను చివరికి చేసింది అదే, వారం రోజులు చిన్న నోట్‌బుక్ పెట్టుకుని శబ్దం వచ్చిన ప్రతిసారీ కారు ఆపాక రాసుకున్నా: వేగం ఎంత, స్టీరింగ్ నేరుగా ఉందా తిప్పి ఉందా, బ్రేక్ మీద కాలు ఉందా లేదా, ఒక్కసారే వచ్చిందా చక్రం తిరిగినకొద్దీ వస్తుందా, ఒక చక్రమే ఎత్తు ఎక్కిందా రెండూ కలిసి ఎక్కాయా, కారు వేడెక్కాక వచ్చిందా పొద్దున్నే వచ్చిందా.

ఆ కాగితం చూస్తే రెండు గుంపులు కనిపించాయి. ఒకటి సన్నని టిక్, రివర్స్ చేసి మళ్లీ ముందుకెళ్లి మొదటిసారి బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే. ఆ తర్వాత పదిసార్లు బ్రేక్ వేసినా రాదు, మళ్లీ రివర్స్ వేస్తేనే. రెండోది బరువైన టప్, కాలికి కూడా తెలిసేది, బ్రేక్ కొంచెం గట్టిగా వేసినప్పుడు ఒకసారి, వదిలి కదిలేటప్పుడు ఇంకోసారి. దీనికి రివర్స్‌తో పనిలేదు. గుంతలో పడ్డప్పుడు కూడా అప్పుడప్పుడూ వచ్చేది.

టిక్ సంగతి ముందు చెప్తా. డిస్క్ బ్రేకులో డిస్క్‌ని పట్టి ఆపే ప్యాడ్ రెండు చివర్లా చెవుల్లాంటివి ఉంటాయి, అవి కాలిపర్ (ప్యాడ్లని నొక్కే భాగం) బ్రాకెట్‌లో గాడిలో కూర్చుంటాయి. బ్రేక్ వేయగానే తిరిగే డిస్క్ ప్యాడ్‌ని తనతో పాటు ఈడ్చుకుపోవాలని చూస్తుంది, ప్యాడ్ ఒకవైపు జరిగి బ్రాకెట్‌ని తాకి ఆగుతుంది. ముందుకు వెళ్తున్నంతసేపూ అక్కడే ఆనుకుని ఉంటుంది. రివర్స్‌లో బ్రేక్ వేస్తే రెండో చివరికి జరుగుతుంది, అప్పుడు ఒక టిక్. మళ్లీ ముందుకు, మళ్లీ టిక్. దిశ మారినప్పుడు ఒక్కసారే రావడమే దీని గుర్తు. కొద్దిపాటి సందు ఎలాగూ ఉంటుంది, లేకపోతే ప్యాడ్ ఇరుక్కుపోతుంది, కాబట్టి చాలా సన్నగా వస్తే కంగారు పడక్కర్లేదు. కానీ గట్టిగా వినపడుతుంటే గాడిలో ఉండాల్సిన పల్చటి స్టీలు క్లిప్పులు అరిగిపోయో, ఊడిపోయో, అసలు పెట్టకుండానో ఉండొచ్చు. నా కారులో పెట్టలేదు. అంతకుముందు ప్యాడ్లు మార్చినప్పుడు ఒక క్లిప్ మళ్లీ ఎక్కించలేదు, చక్రం విప్పి చూస్తే ఒకవైపు మెరుస్తూ ఉంది, ఇంకోవైపు ఖాళీ గాడి, తుప్పు.

ప్యాడ్లు గాడిలో ఊగుతున్నాయేమో తెలుసుకోడానికి ఇంకో సులువైన పరీక్ష ఉంది. గతుకుల మీద నెమ్మదిగా వెళ్తూ బ్రేక్ పెడల్ మీద చాలా తేలిగ్గా కాలు ఆనించండి, ప్యాడ్ డిస్క్‌ని పట్టుకునేంత మాత్రమే. అప్పటిదాకా కటకటలాడుతున్నది ఒక్కసారిగా ఆగిపోతే గొడవ ప్యాడ్లలోనో కాలిపర్‌లోనో ఉందని దాదాపు ఖాయం. కాలు తీయగానే మళ్లీ మొదలవ్వాలి. ఏ తేడా లేకపోతే సస్పెన్షన్ వైపు చూడండి. ఖర్చు లేదు, పాన కూడా పట్టక్కర్లేదు, నాకు ఇది మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో.

చక్రం విప్పాక బ్రాకెట్ బోల్టులు, కాలిపర్ పిన్నుల బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. ఇవి వదులైతే వచ్చేది టిక్ కాదు, పెద్ద చప్పుడు, అది ప్రమాదం కూడా. పిన్నులు చేత్తో జరిపితే సాఫీగా జారాలి, ఎండిపోయి ఉంటే పాత గ్రీజు పూర్తిగా తుడిచి సిలికాన్ గ్రీజు రాయాలి, చేతికందిన మామూలు గ్రీజు రాస్తే లోపలి రబ్బరు ఉబ్బిపోతుంది. గాడిలో తుప్పు వైర్ బ్రష్‌తో గీకి కొత్త క్లిప్పులు ఎక్కించి, ప్యాడ్ చెవులకి వేడిని తట్టుకునే బ్రేక్ గ్రీజు పల్చగా రాస్తే చాలు, ప్యాడ్ ముఖానికి గానీ డిస్క్‌కి గానీ చుక్క కూడా అంటకూడదు. కాలిపర్‌ని బ్రేక్ గొట్టానికి వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగ్‌కి కట్టండి. అన్నీ బిగించాక కారు కదిలించేముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి, మొదటి తొక్కుడికి పెడల్ నేలకి ఆనుతుంది, అప్పుడు ఎదురుగా గోడ ఉంటే అంతే సంగతులు.

వెనక డ్రమ్ బ్రేకులున్న కార్లలో ఇంకో వింత ఉంది. డ్రమ్‌ని లేత్ మీద తొందర తొందరగా కోస్తే లోపల స్క్రూ మరలాంటి సన్నటి గాడి మిగులుతుంది, బ్రేక్ వేసినప్పుడు షూ (డ్రమ్‌ని లోపలి నుంచి పట్టే భాగం) ఆ మర వెంట పక్కకి పాకి, ఒకచోట పట్టు వదిలి టప్ మని వెనక ప్లేటుకి కొట్టుకుంటుంది. డ్రమ్ కోయించిన వెంటనే చప్పుడు మొదలైతే ముందు దీన్నే అనుమానించండి. ప్లేటు మీద షూ ఆనే చోట్ల గుంటలు పడినా ఇదే కథ.

ఇక నన్ను ఎక్కువ తిప్పింది రెండోది, ఆ బరువైన టప్. బ్రేక్ వేసినప్పుడు రోడ్డు టైరుని వెనక్కి నెడుతుంది, బండి శరీరం ముందుకు పోవాలని చూస్తుంది. ఈ రెండింటి మధ్య చక్రాన్ని దాని చోట పట్టుకునేది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని సబ్‌ఫ్రేమ్‌కి కలిపే కింది చెయ్యి), దాని చివర ఉండే రబ్బరు బుష్‌లు. వెనక బుష్ చిరిగితే ఆర్మ్ కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఇనుముకి ఇనుము తగులుతుంది, అదే టప్. బ్రేక్ వదిలి కదిలితే తిరిగి వస్తుంది, ఇంకో టప్. బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ కొంచెం ఒకవైపు లాగడం కూడా దీనివల్లే, నేను దాన్ని అలైన్‌మెంట్ అనుకుని వదిలేశా, తప్పు చేశా.

బుష్ చిరిగింది లేంది పైనుంచి చూస్తే తెలీదు, బరువు లేనప్పుడు చీలిక మూసుకుపోతుంది. కారుని లేపి, స్టాండు మీద పెట్టి, ఇంజిన్ ఆపి, ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య పొడవాటి రాడ్ పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి. మంచి బుష్ కూడా కొంచెం కదులుతుంది, రబ్బరు కదా, అందుకే రెండో వైపుతో పోల్చుకోవాలి. నాకు కుడివైపు సాగి వెనక్కి వచ్చింది, ఎడమవైపు నోరు తెరిచింది, లోపల స్టీలు గొట్టం రబ్బరు నుంచి పూర్తిగా విడిపోయింది. కొన్ని కార్లలో ఈ బుష్ లోపల ద్రవం నింపి ఉంటుంది, అలాంటివైతే చుట్టూ నల్లటి తడి మరక కనిపిస్తే దాని పని అయిపోయినట్టే.

ఇక్కడ ఆగి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి వెళ్లొద్దు. గట్టి చదునైన నేల, నేల మీదే ఉండే చక్రాలకి అడ్డు, కింద స్టాండు, ఇవి లేకపోతే ఆ పని మెకానిక్‌కి వదిలేయండి. శబ్దం ఇంకో వారం ఉన్నా ఫర్వాలేదు.

మిగతా అనుమానితుల గురించి తొందరగా చెప్పేస్తా. లింక్ రాడ్ అయితే చిన్న చిన్న గతుకుల మీద, ఒక చక్రం ఎక్కి ఇంకోటి ఎక్కనప్పుడు లొడలొడ ఎక్కువ, అదే నిటారుగా స్పీడ్ బ్రేకర్ ఎక్కితే రెండు చక్రాలూ కలిసి లేస్తాయి కాబట్టి ఆ ఒరగకుండా ఆపే కడ్డీ, అంటే స్టెబిలైజర్ బార్, మెలిపడదు, శబ్దం తగ్గిపోతుంది. స్పీడ్ బ్రేకర్‌ని ఒకసారి నేరుగా, ఒకసారి ఏటవాలుగా ఎక్కి చూస్తే తేడా తెలుస్తుంది. స్ట్రట్ మౌంట్ బేరింగ్ పోతే నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగ్ బిగుసుకుని టంగ్ మని వదులుతుంది, బయట ఒకరు స్ప్రింగ్ మీద తేలిగ్గా చెయ్యి ఆనిస్తే ఆ కుదుపు చేతికే తెలుస్తుంది, వేళ్లు మాత్రం చుట్ల మధ్యలోకి పోనివ్వొద్దు. అప్పుడే స్ప్రింగ్ కింది చుట్టు విరిగిందేమో కూడా చూడండి, మట్టి కప్పేసి ఉంటే విరిగినా కనపడదు. మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే చక్రం తిరిగినకొద్దీ టకటకటక అని వస్తుంటే అది డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) బయటి జాయింట్, బ్రేకుకి సంబంధం లేదు. డ్రైవ్ నుంచి రివర్స్‌కి మార్చగానే, కారు కదలకముందే దబ్ మంటే ఇంజిన్ మౌంట్లు చూడాలి.

లోయర్ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ మాత్రం వేరే. చక్రం గాల్లో ఉండగా పైనా కిందా, అంటే గడియారంలో 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే లొడ తెలిస్తే బాల్ జాయింటో బేరింగో అయ్యుండొచ్చు, 9, 3 దగ్గర మాత్రమే తెలిస్తే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే జాయింట్) వైపు చూడాలి. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, కారు అక్కడికక్కడే కూలబడుతుంది. ఇందులో లొడ కనిపిస్తే ఆ కారుని నడపకండి, లాగించుకుని వెళ్లండి. అలాగే అన్నిటికంటే ముందు చక్రం నట్లు చూడండి, ఈమధ్య టైర్లు విప్పించి ఉంటే మరీనూ, వదులు నట్లతో వచ్చే టక్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

ఒక శబ్దం మాత్రం జబ్బు కాదు. కొన్ని కార్లలో స్టార్ట్ చేసి కదిలిన కాసేపటికే, మెల్లగా పోతున్నప్పుడే ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) తనని తాను పరీక్షించుకుంటుంది, బానెట్ వైపు నుంచి చిన్న టక్, ఒక్కోసారి పెడల్‌లో కూడా తెలుస్తుంది. ప్రతి స్టార్ట్‌కి ఒక్కసారే వస్తే అదే అయ్యుండొచ్చు.

చిరిగిన బుష్ ఉన్న ఆ ఆర్మ్ మార్చేటప్పుడు నేను దగ్గరుండి అడిగి చేయించుకున్న పని ఒకటుంది. రబ్బరు బుష్ లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, అది తిరగదు, మెలిపడుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడే ఆ బుష్ బోల్టు పూర్తిగా బిగించేస్తే కారు నేల మీదకి దిగగానే రబ్బరు మెలిపడే ఉంటుంది, ఇక నడిచినంతకాలం ఆ మెలికతోనే, తొందరగా చిరిగిపోతుంది. అందుకే బోల్టులు చేత్తో పట్టించి, కారు బరువు చక్రాల మీదకి వచ్చాకే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పాన) ఆ కారు మాన్యువల్‌లో ఉన్న లెక్కకి బిగించాలి. మెకానిక్ అన్న మొదట ఎందుకన్నాడు, చెప్పాక సరేనని ర్యాంప్ మీదకి ఎక్కించి బిగించాడు. తర్వాత అలైన్‌మెంట్ కూడా చేయించా, ఆర్మ్ మారితే అది తప్పదు.

క్లిప్పులు వేశాక టిక్ పోయింది, ఆర్మ్ మార్చాక టప్ పోయింది, రెండూ ఒకే రోజు చేయించకుండా మధ్యలో నాలుగు రోజులు ఆగా, ఏది దేనివల్ల పోయిందో కచ్చితంగా తెలియాలని. 500 కిలోమీటర్లు తిరిగాక నిన్న మళ్లీ చక్రం విప్పి బోల్టుల మీద పెయింట్‌తో పెట్టుకున్న గీతలు చూశా, ఒక్కటీ జరగలేదు.