మౌటిన్యో ఆటలో చూడాల్సింది బంతి రాకముందు

2016 జూలై 10న యూరో ఫైనల్లో ఫ్రాన్స్ మీద పోర్చుగల్ ఆటగాడు ఎదెర్ కొట్టిన గోల్ క్లిప్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళలో ఎవరు చూసి ఉండరు? ఎదెర్ ఫ్రాన్స్ డిఫెండర్ కోసెల్నీని ఆనుకుని తిరిగే దగ్గర మొదలై, బంతి వలలో పడగానే అయిపోతుంది. ఇంకో రెండు సెకన్లు వెనక్కి జరిపితే బంతి ఇచ్చిన మనిషి కనిపిస్తాడు. అతను 66వ నిమిషంలో ఆద్రియెన్ సిల్వా బదులు దిగిన మిడ్‌ఫీల్డర్ జోవో మౌటిన్యో.

అతని కెరీర్ మొత్తానికీ ఇదే ఇబ్బంది. క్లిప్పుల్లో దొరకడు. పోర్చుగల్ తరఫున 146 మ్యాచ్‌లు ఆడి కొట్టింది 7 గోల్స్. ఎత్తు 1.70 మీటర్లు. పరుగులో మెరుపు లేదు, డ్రిబ్లింగ్‌తో ముగ్గురిని దాటిపోయే రకమూ కాదు. అయినా రెండు దశాబ్దాల పాటు పెద్ద పెద్ద కోచ్‌లు అతని పేరు ముందు రాసుకుని మిగతా జట్టును తర్వాత రాసుకున్నారు. ఎందుకో తెలియాలంటే బంతిని కాసేపు వదిలేసి అతన్ని మాత్రమే చూడాలి. టీవీ కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది కాబట్టి అది కాస్త కష్టమే. మైదానం మొత్తం కనిపించే వీడియో దొరికితే వదలకండి.

పుట్టింది 1986 సెప్టెంబర్ 8న, పోర్చుగల్ దక్షిణాన పోర్టిమావ్ ఊళ్ళో. పదమూడేళ్ళకే లిస్బన్ క్లబ్ స్పోర్టింగ్ అకాడమీకి వచ్చేశాడు. 2005 మేలో, ఇంకా పద్దెనిమిదేళ్ళప్పుడే, సొంత స్టేడియంలో యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడాడు. సీఎస్‌కేఏ మాస్కో చేతిలో 3-1తో ఓడిపోయారు.

అతన్ని తయారు చేసింది ఆ తర్వాత స్పోర్టింగ్ కోచ్ పావులో బెంటో నడిపిన డైమండ్ అమరిక. నలుగురు మిడ్‌ఫీల్డర్లు: డిఫెన్స్ ముందు ఒకడు, చెరో పక్క ఒకడు, స్ట్రైకర్ల వెనక ఒకడు. ఈ నాలుగు చోట్లలోనూ మౌటిన్యో ఆడాడు. అన్నిటికన్నా చాకిరీ ఎక్కువ ఉండేది పక్క స్థానాల్లో. డైమండ్‌లో వింగర్లు ఉండరు. అందుకని ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) ముందుకెళ్తే ఖాళీ అయిన చోటును పక్క మిడ్‌ఫీల్డరే కాయాలి. ప్రత్యర్థి బంతిని ఎడమ నుంచి కుడికి ఒక్క పొడుగు పాస్‌తో మారిస్తే నలుగురూ కలిసి అటు జరగాలి. ఆ జరగడం ఒక్క సెకను ఆలస్యమైతే ఫుల్‌బ్యాక్ ఒంటరిగా ఇద్దరికి దొరికిపోతాడు. డైమండ్ కూలేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే. పరుగులో గెలవలేని కుర్రవాడికి ఇందులో ఒక్కటే దారి: పాస్ కొట్టకముందే, కొట్టేవాడి తుంటి ఎటు తిరుగుతోందో చూసి కదలడం. మౌటిన్యోకు ఆ అలవాటు పట్టింది ఈ చాకిరీలోనే అని నా అభిప్రాయం.

స్పోర్టింగ్‌లో కెప్టెన్ అయ్యాడు. 2007, 2008లో పోర్చుగల్ కప్ గెలిచాడు, లీగ్ మాత్రం ఒక్కసారీ రాలేదు. 2010లో వరసగా రెండు దెబ్బలు. ప్రపంచ కప్ జట్టులో పేరు లేదు. జూలైలో 1.1 కోట్ల యూరోలకు నేరుగా పోర్టోకు అమ్మేశారు. సొంత అకాడమీ నుంచి వచ్చిన కెప్టెన్‌ను ప్రధాన ప్రత్యర్థికి అమ్మడం పోర్చుగల్‌లో చిన్న విషయం కాదు. స్పోర్టింగ్ అధ్యక్షుడు అతన్ని 'కుళ్ళిన ఆపిల్' అని బహిరంగంగానే అన్నాడు.

ఆ ఆపిల్ మొదటి ఏడాదే లీగ్, పోర్చుగల్ కప్, యూరోపా లీగ్ తెచ్చిపెట్టింది. 2010-11 లీగ్‌లో పోర్టో 30 మ్యాచ్‌లు ఆడి 27 గెలిచింది, 3 డ్రా, ఓటమి లేదు. డబ్లిన్‌లో జరిగిన యూరోపా ఫైనల్లో ఫాల్కావ్ హెడర్‌తో మరో పోర్చుగల్ క్లబ్ బ్రాగాను 1-0తో ఓడించింది.

కోచ్ విల్యాస్-బోయాస్ పోర్టోది 4-3-3: నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. వెనక ఫెర్నాండో కాపలా, ముందు హల్క్, ఫాల్కావ్, వరేలా. మధ్యలో ఎనిమిదో నంబర్ పని, అంటే డిఫెన్స్‌నూ దాడినీ కలిపే పని, మౌటిన్యోది. ఈ సీజన్ మ్యాచ్‌లు చూసేటప్పుడు అతని తల మీద కన్నేయండి. బంతి సెంటర్‌బ్యాక్ దగ్గర ఉన్నప్పుడు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. పాస్ బయల్దేరాక, బంతి దారిలో ఉండగా, మళ్ళీ చూస్తాడు. రెండో చూపే అసలైనది, ఎందుకంటే మొదటి చూపుకీ బంతి చేరడానికీ మధ్య మార్కర్ (అతన్ని కాచే ప్రత్యర్థి) జాగా మారుస్తాడు. రెండోసారి చూడని మిడ్‌ఫీల్డర్ పాత సమాచారంతో తిరుగుతాడు, బంతి పోగొట్టుకుంటాడు.

తర్వాత పాదాలు. బంతి ఇచ్చేవాడికి ఎదురుగా నిటారుగా నిలబడడు, పక్కకు సగం తిరిగి ఉంటాడు. బంతిని దగ్గరి కాలితో కాక దూరపు కాలితో అందుకుంటాడు. దాంతో మొదటి టచ్‌కే ముఖం ప్రత్యర్థి గోల్ వైపు తిరిగిపోతుంది, రెండో టచ్ పాస్ అవుతుంది. అదే దగ్గరి కాలితో ఆపితే వీపు ప్రత్యర్థి వైపే ఉండిపోతుంది, ఇక బంతిని వచ్చిన చోటికే పంపాలి. ఇది పనిచేయాలంటే ఇచ్చేవాడు కూడా సరైన కాలికి ఇవ్వాలి. ఇక్కడ తప్పు పాస్‌ది అయినా స్టాండ్స్‌లో తిట్లు పడేది అందుకున్నవాడికి. గట్టి ప్రెస్ చేసే, అంటే మీదికొచ్చి బంతి లాక్కునే జట్లు ఈ తప్పు పాస్ కోసమే కాచుకుంటాయి.

బంతి పోయాక కూడా అంతే. వెంటపడి పట్టుకునే వేగం లేదు కనుక మొదటి మూడు నాలుగు అడుగుల్లోనే లాక్కోవాలి. అందుకే పాస్ ఇచ్చాక అతను నిలబడిపోడు, ఆ పాస్ పోతే బంతి ఎటు పడుతుందో అటు నడుస్తుంటాడు.

ఆడటంతో సంబంధం లేని ఒక సంగతి ఈ కెరీర్‌ను ఒకసారి మలుపు తిప్పింది. పోర్టో అతన్ని కొన్న ఏడాదే అతని ఆర్థిక హక్కుల్లో 37.5 శాతాన్ని 41.25 లక్షల యూరోలకు బయటి కంపెనీకి అమ్మింది. లెక్క తేలికే, 1.1 కోట్లలో 37.5 శాతం సరిగ్గా అంతే. క్లబ్‌కు చేతిలో డబ్బు ఉంటుంది, కంపెనీకి తర్వాతి అమ్మకంలో వాటా వస్తుంది. చిక్కల్లా అమ్మేటప్పుడే: బేరంలో ఇద్దరికి బదులు ముగ్గురు కూర్చుంటారు. 2012లో మోడ్రిచ్‌ను రియల్ మాడ్రిడ్‌కు పంపిన ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్, ఆగస్టు 31న, గడువు చివరి రోజున, మౌటిన్యో కోసం ప్రయత్నించింది. అక్కడి కోచ్ అప్పటికి విల్యాస్-బోయాసే. కాగితాలు వేళకు పూర్తి కాలేదు, బేరం పోయింది. ఇలాంటి మూడో పక్షం యాజమాన్యాన్ని ఫిఫా 2015 మే నుంచి నిషేధించింది.

ఏడాది తిరక్కుండానే ఫ్రెంచ్ లీగ్ క్లబ్ మొనాకో వచ్చి పోర్టో సహచరుడు హామెస్ రోడ్రిగెస్‌తో కలిపి 7 కోట్ల యూరోలు ఇచ్చింది. అందులో మౌటిన్యో వాటా 2.5 కోట్లు. అక్కడ అయిదేళ్ళు. 2016-17లో 95 పాయింట్లతో ఫ్రెంచ్ లీగ్ గెలిచారు, 107 గోల్స్ కొట్టారు. ఆ జట్టు మధ్యలో మొదటి జంట మాత్రం ఫాబీన్యో, బకాయోకో. కోచ్ యార్దీమ్ ఆట పొడుగు కాళ్ళ మీద, పరుగు మీద నడిచింది. మౌటిన్యో ఎక్కువగా వంతులవారీగా ఆడాడు.

జాతీయ జట్టు సంగతికొస్తే, 2013 నవంబర్ 19న స్వీడన్‌తో ఆడిన ప్రపంచ కప్ అర్హత ప్లేఆఫ్ రెండో మ్యాచ్‌ను అందరూ రొనాల్డో హ్యాట్రిక్‌గానే గుర్తుపెట్టుకున్నారు. 3-2 గెలుపు అది. మొదటి గోల్‌కూ మూడో గోల్‌కూ పాస్ మౌటిన్యోదే. రెంటిలోనూ ఒకే సూత్రం: రొనాల్డో పరుగు అందుకున్నాక బంతి వదలడం కాదు, డిఫెండర్లు ముందుకు అడుగేసిన క్షణానికి వదలడం. పాస్ బలం కూడా చూడండి. కాస్త గట్టిగా పడితే గోల్‌కీపర్ ఎత్తుకుంటాడు, మెల్లగా పడితే రొనాల్డో ఆగి చూడాలి, అంతలో డిఫెండర్ వచ్చేస్తాడు. రొనాల్డో అడుగు తగ్గించకుండానే బంతి అందింది.

పెనాల్టీల్లో అతని రికార్డు రెండు వైపులా ఉంది. 2012 యూరో సెమీస్‌లో స్పెయిన్ మీద పోర్చుగల్ షూటౌట్ మొదటి పెనాల్టీ అతనిదే, గోల్‌కీపర్ కసియాస్ ఆపేశాడు. నాలుగేళ్ళ తర్వాత పోలండ్‌తో క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌కు ముందు వెనకాడుతుంటే రొనాల్డో వచ్చి, నువ్వు బాగా కొడతావు, వచ్చి కొట్టు అని లాక్కెళ్ళిన దృశ్యం కెమెరాకు చిక్కింది. మూడోవాడిగా కొట్టాడు, లోపల పడింది.

2018లో ఇంగ్లండ్ క్లబ్ వుల్వ్స్ అతన్ని దాదాపు 50 లక్షల పౌండ్లకు తీసుకుంది. ప్రీమియర్ లీగ్‌లో ఇంత చవకైన మంచి బేరాలు తక్కువ. అక్కడి కోచ్ నూనో మొదట 3-4-3 ఆడించాడు, మధ్యలో మౌటిన్యో, రూబెన్ నెవెస్ ఇద్దరే. ఇద్దరూ పాస్ మాస్టర్లు, ఇద్దరికీ పరుగు తక్కువ. ఎదుటి జట్టు మధ్యలో ముగ్గురిని పెడితే ఒకడు ఎప్పుడూ ఖాళీగా దొరికేవాడు. వాడి మీదికి మౌటిన్యో వెళ్తే నెవెస్ పక్కన గొయ్యి, వెళ్ళకపోతే వాడు తిరిగి ఆడతాడు. 2018 డిసెంబర్ నాటికి నూనో దీన్ని 3-5-2గా మార్చి, డెన్‌డాంకర్‌ను మూడోవాడిగా చేర్చాడు. పరిగెత్తే పని అతనికి, బంతి పని మిగతా ఇద్దరికి. ఆ సీజన్, తర్వాతి సీజన్ రెండిటా ఏడో స్థానం. వయసు మీదపడ్డ మిడ్‌ఫీల్డర్ విఫలమయ్యాడని అనేముందు పక్కన ఎవరిని నిలబెట్టారో చూడాలి.

2022 జనవరి 3న మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, 82వ నిమిషం. క్రాస్‌ను ఫిల్ జోన్స్ తలతో బయటికి పంపాడు. బాక్స్ అంచున మౌటిన్యో బంతిని అదుపు చేసి నేలబారున కొట్టాడు, మ్యాచ్ 1-0. 1980 తర్వాత ఆ మైదానంలో వుల్వ్స్‌కు అదే మొదటి గెలుపు. అదృష్టం అనిపించవచ్చు. కానీ తన జట్టు క్రాస్ వేసే ప్రతిసారీ అతను బాక్స్‌లోకి పోకుండా ఆ అంచునే ఆగుతాడు: క్లియర్ చేసిన బంతి అక్కడే పడుతుంది, అక్కడి నుంచి కొట్టనూవచ్చు, ఎదురుదాడిని ఆపనూవచ్చు.

2023లో ఒప్పందం ముగిశాక పోర్చుగల్ తిరిగొచ్చి బ్రాగాలో చేరాడు. 2024 జనవరిలో ఆ జట్టుతో లీగ్ కప్ కూడా అందుకున్నాడు.

అతన్ని కొత్తగా చూడబోయేవారికి నా వరస ఇది. ముందు స్వీడన్ మ్యాచ్ రెండో సగం చూడండి, పాస్ బలం కోసం. తర్వాత 2010-11 పోర్టో మ్యాచ్ ఏదైనా సరే, మొదటి ఇరవై నిమిషాలు తల మాత్రమే గమనించండి. చివరికి 2018-19 వుల్వ్స్ మ్యాచ్‌లు రెండు, డిసెంబర్‌కు ముందుది ఒకటి, తర్వాతిది ఒకటి, పక్కపక్కన పెట్టుకుని చూడండి. యూరో ఫైనల్ క్లిప్ తర్వాతైనా చూడవచ్చు, అందులో అతని పని రెండు సెకన్లే.